పలుకుబడిలో పాత్ర

శామీర్‌పేటకు దగ్గరలో ఉన్న కీసరగుట్ట మీద ఒక బండపై పాతకాలపు లిపిలో ఒకే ఒక్క తెలుగు మాట చెక్కి ఉంది: తొలుచువాన్డ్రు. రాయి తొలిచేవాళ్లు అని అర్థం. విష్ణుకుండినుల కాలానిదని, సుమారు 5వ శతాబ్దిదని చరిత్రకారులు లెక్కగట్టారు. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు మాటల్లో ఇదొకటి. అందులో రాజు పేరు లేదు, బిరుదు లేదు, దానధర్మాల ఊసు లేదు. ఉన్నదల్లా పనివాళ్ల పేరు. చేసే పనీ, నలుగురు కలిసి చేసే తీరూ రెండూ ఆ ఒక్క బహువచనంలోనే ఉన్నాయి. మనిషిని వర్ణించకుండా మాటతోనే నిలబెట్టడం సాహిత్యంలో ఎలా మొదలై ఎలా పెరిగిందో తెలుసుకోవడానికి ఈ బండ దగ్గర బయలుదేరడం బాగుంటుంది.

ఒక పాత్ర ఎలాంటిదో రచయిత తానే చెప్పవచ్చు, లేదా ఆ పాత్ర చేత మాట్లాడించవచ్చు. రెండోది కష్టమైన పని. ఎంచుకున్న పదం, క్రియ ముగింపు, పిలుపు, వాక్యం పొడవు, ఎక్కడ ఆగిందీ ఎక్కడ తెగిందీ, అన్నీ కలిస్తేనే మనిషి కనిపిస్తాడు. గొంతు మారితే అర్థం మారే ఈ సంగతిని మన ఆలంకారికులు ‘కాకువు’ అన్నారు. సంస్కృత నాటకంలో రాజుది సంస్కృతం, స్త్రీలదీ సేవకులదీ ప్రాకృతం. అంటే అక్కడ భాష మనిషి అంతస్తును చూపింది, స్వభావాన్ని కాదు. ఈ తేడా చివరిదాకా వెంట వస్తుంది.

తెలుగు కావ్యంలో అలాంటి భాషల పంపకం లేదు. రాజైనా బోయైనా ఒకే పద్యభాషలో మాట్లాడాలి. ఆ ఇరుకులోనే 13వ శతాబ్దిలో ఇద్దరు గొప్ప పని చేశారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో, జాను తెనుగులో రాశాడు. అందులోని ముగ్ధభక్తుల కథలు చూడాలి. శివుడికి తల్లి లేదని జాలిపడి తానే తల్లి అయిన బెజ్జమహాదేవి దేవుడితో పండితురాలిలా మాట్లాడదు, పసిబిడ్డను సాకే అమ్మలా మాట్లాడుతుంది. పాలు తాగడం లేదని శివలింగం ముందు ఏడ్చే గొడగూచి మాటలు చంటిపిల్ల మాటలే. వాళ్ల భక్తి ఎంత లోతైనదో కవి వివరించలేదు, గొంతు వినిపించాడు. తిక్కన దారి వేరు. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలను తెలుగు చేసిన ఆయన సంభాషణను నాటకంలా నడిపాడు. ఉద్యోగపర్వంలో రాయబారానికి బయలుదేరే కృష్ణుడితో ద్రౌపది మాట్లాడే చోట, ధర్మరాజు మాటల నెమ్మది పక్కన ఆమె మాటల వేడి పెడితే, పేర్లు తీసేసినా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ఛందస్సు ఒకటే, శ్వాస వేరు.

19వ శతాబ్దిలో వచనం పుట్టినప్పుడు ఈ సంపద కొంత పోయింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) గ్రాంథికానికి గట్టి కట్టడి వేసింది. ఆ నీడలోనే వచ్చిన వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1878)లో ఇంటి యజమాని భాషకూ పనివాడి భాషకూ పెద్ద తేడా కనిపించదు. వీరేశలింగానికి మనుషులు తెలియక కాదు. రాసే తెలుగు ఒకటి, మాట్లాడే తెలుగు ఇంకొకటి అని ఒప్పుకున్న కాలం అది.

ఆ ఒప్పందాన్ని చెరిపింది ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశాడు. గిరీశం నోట్లో ఇంగ్లీషు ముక్కలు చదువుకు గుర్తు కావు, చదువు ఉన్నట్టు నమ్మించే పనిముట్లు. ఎదుటివాడికి అర్థం కాకపోతేనే అవి బాగా పనిచేస్తాయి. అగ్నిహోత్రావధాన్లు కోపం వాక్యాన్ని పూర్తి కానివ్వదు. రామప్పంతులు మాటల్లో కచేరీ వ్యవహారాల దర్పం ఉంటుంది. అందరికంటే మధురవాణి గొప్పగా కుదిరింది. ఆమెకు ఒకే గొంతు లేదు. రామప్పంతులుతో ఒక తీరు, గిరీశంతో ఇంకొకటి, సౌజన్యారావు ముందు మరొకటి. వినేవాణ్ని బట్టి మాట మార్చుకోవడం ఆమె బతుకుతెరువు. ఆ మార్పుల మధ్య మారకుండా నిలిచిన తెలివీ దయా ఆమె వ్యక్తిత్వం. భాష అంతస్తును దాటి స్వభావాన్ని చూపడం తెలుగులో ఇక్కడ పూర్తిగా సాధ్యమైంది. నూరేళ్లు దాటినా ఈ కొలత తగ్గలేదు.

తర్వాతి కోస్తా రచయితలు ఈ బాటను వెడల్పు చేశారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గోదావరి ఇళ్లలోని ఆడవాళ్ల వాదనా పటిమను పట్టుకున్నాడు. వకీలు అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో కోర్టు భాషకూ బోనులో నిలబడ్డవాడి భాషకూ మధ్య ఉన్న అగాధాన్నే కథావస్తువు చేశాడు. రాయలసీమ వైపు నామిని చిత్తూరు పల్లె పిల్లాడి చేత కథ మొత్తం చెప్పించాడు.

తెలంగాణ కథ వేరు. ఇక్కడి మాటకు రెండు బరువులు. నిజాం రాజ్యంలో చదువూ కొలువూ ఉర్దూలో సాగాయి. తెలుగులో రాయాలనుకుంటే ఎదురుగా ఉన్నది కోస్తా పుస్తకాల భాష. 1926లో మొదలైన గోలకొండ పత్రిక, 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’ మొదట తేల్చాల్సి వచ్చింది ఇక్కడ తెలుగు రాసేవాళ్లు ఉన్నారన్న సంగతినే. ఎలాంటి తెలుగు అన్న ప్రశ్న తర్వాతిది. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా పల్లెల్లో చాలా భూములు నిజాం సొంత రాబడికి చెందిన సర్ఫ్-ఎ-ఖాస్ కిందవి. పట్నానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్ వైపు పల్లె నోళ్లలో ఉర్దూ కలిసింది పుస్తకాల వల్ల కాదు, కచ్చేరి వల్ల. పట్వారీ, పహాణీ, దరఖాస్తు, సర్కారు, తారీఖు, దవాఖాన, నౌకరి: ఇవి అధికారం వెంట వచ్చిన మాటలు. జర, మస్తు, బరాబర్, పరేషాన్, దస్తీ: ఇవి బజారులో కలిసిపోయినవి. రెండు రకాలూ రైతు నోట ఒకేలా పలుకుతాయి గానీ, మొదటి రకంలో భయం ఉంటుంది. ఈ తేడా గమనించిన రచయిత అదృష్టవంతుడు.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955), దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) తెలంగాణ పల్లెను నవలలోకి తెచ్చాయి. దొర గడి కింద బతికినవాడు ‘బాంచెన్, కాల్మొక్తా’ అన్నప్పుడు అది మర్యాద కాదు, వంగిన వెన్నుకు గొంతు. రంగాచార్య ఇంకొక ఉపాయం వాడాడు. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన సంగీతకారుడు సారంగపాణిని ఆ ఊళ్లో దింపి, బయటివాడి చూపు పక్కన ఊరివాళ్ల బతుకును నిలబెట్టాడు. అయితే ఈ తరం నవలల్లో ఒక హద్దు ఉంది: యాస కొటేషన్ గుర్తుల లోపలే ఉంటుంది. బయట కథ చెప్పే గొంతుది ఎక్కువగా పుస్తకాల తెలుగే. పాఠకుడికి తెలియకుండానే ఒక తీర్పు అందుతుంది: పాత్రలది యాస, రచయితది భాష.

ఈ హద్దును ధైర్యంగా దాటింది పాకాల యశోదారెడ్డి. పాలమూరు జిల్లా బిజినేపల్లిలో పుట్టి, ఉస్మానియాలో ఆచార్యురాలైన ఆమె ‘మా ఊరి ముచ్చట్లు’ (1973)లో కథ చెప్పే గొంతునే ఊరి ఆడవాళ్ల గొంతు చేసింది. సామెతలు, నుడికారాలు అక్కడ అలంకారాలు కావు, ఆలోచన నడిచే దారి. తెలంగాణ కథకు ఇంత పెద్ద మేలు చేసిన పుస్తకాలు అరుదు. అంతకు ముందే ‘నా గొడవ’తో వాడుక మాటలో కవిత రాసిన కాళోజీ, బడిపలుకులకూ పలుకుబడులకూ ఉన్న తేడాను జీవితమంతా చెప్తూ వచ్చాడు. తెలుగులో ‘పలుకుబడి’ అంటే మాట్లాడే తీరు, అధికారం కూడా. ఎవరి మాట చెల్లుతుందో వాళ్లదే పలుకుబడి. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

లోపలి మాట సంగతి ఇంకొకటి. అంపశయ్య నవీన్ 1969లో వచ్చిన ‘అంపశయ్య’ నవలలో ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు ఆలోచనలను వరసగా పెట్టాడు. అక్కడ వినేవాడు ఎవరూ లేరు. నటించాల్సిన పని లేని గొంతు ఎలా ఉంటుందో తెలుగు పాఠకుడు అందులో విన్నాడు.

సినిమా ఈ విషయంలో చాలాకాలం తప్పు చేసింది. తెలంగాణ మాటను హాస్యగాడికో రౌడీకో అప్పగించి, నాయకుడికి కోస్తా మాట ఇచ్చింది. సంస్కృత నాటకపు పాత పంపకమే తెరమీద తిరిగొచ్చింది. నొప్పి నిజమైనది. కోట్ల మంది ఇంటి మాట వినగానే జనం నవ్వడం మొదలుపెట్టారు. 1980లో విడుదలైన ‘మా భూమి’, 1988 నాటి ‘దాసి’ దానికి ఎదురు నిలిచాయి. ‘దాసి’లో కమలాక్షి మాట్లాడేది చాలా తక్కువ, ఆ మౌనమే ఆమె స్థితి. ప్రధాన స్రవంతిలో మార్పు బాగా ఆలస్యంగా వచ్చింది. ‘ఫిదా’ (2017)లో కథానాయిక, ‘బలగం’ (2023)లో ఇంటిల్లిపాదీ తమ మాటలోనే నవ్వారు, ఏడ్చారు.

యాస రాయడం వేరు, పాత్రను రాయడం వేరు. తెలంగాణ మాట కూడా ఒకటి కాదు. పట్నం చుట్టుపక్కల ‘వచ్చిండు’ అన్నది కరీంనగర్ వైపు ‘అచ్చిండు’ అవుతుంది. మేడ్చల్ దగ్గరి ఊరివాడి నోట ‘అచ్చిండు’ పెడితే ఆ పాత్ర పుట్టిన ఊరు మారిపోతుంది. పిలుపులోనూ తేడా ఉంది. ‘అండి’ కోస్తా మర్యాద. తెలంగాణ పల్లెలో ‘నువ్వు’ అంటూనే ‘కాకా’, ‘చిన్నాయినా’, ‘పటేలా’ అన్న పిలుపుతోనే గౌరవం అందుతుంది. ఇది తెలియని రచయిత పల్లెటూరి పాత్రను మొరటువాణ్ని చేస్తాడు.

శామీర్‌పేట వైపు ఒక ఎకరం బేరం అనుకుందాం. ముసలి రైతు: “నాకేం ఎరుక బిడ్డా, పట్నపోళ్లు వచ్చి అడిగిన్రు, పోరగాండ్లు సరేనన్నరు.” మధ్యవర్తి: “కాకా, నువ్వు ఒక్క సంతకం పెట్టు, మిగిలింది నేను జూస్కుంట గదా.” కొనేవాడు: “రోడ్డు ఎంత దూరమండీ? టైటిల్ క్లియరేనా?” మొదటి ఇద్దరిదీ ఒకే యాస. అయినా రైతు వాక్యంలో ‘నేను’ లేదు, చేసినవాళ్లంతా వేరేవాళ్లు. భూమి చేతిలోంచి ముందే పోయిందని ఆ వాక్య నిర్మాణమే చెప్తుంది. మధ్యవర్తి ‘కాకా’ చుట్టరికం కాదు, పనిముట్టు. అతనిది గిరీశం ఇంగ్లీషు చేసిన పనే. కొనేవాడి మర్యాదలో ఆ మనుషులు లేరు, రోడ్డూ కాగితమూ ఉన్నాయి.

2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడే నాటికే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటలను తాకింది. జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, గేటు కాలనీలు పొలాల మధ్య లేచాయి. గోదావరి, గుంటూరు, శ్రీకాకుళం, కడప మాటలు ఒకే అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎదురుపడుతున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం తెచ్చిన మాండలిక వృత్తిపదకోశంలో చోటు దక్కిన నాగలి, కాడి మాటలు ఇక్కడి కుర్రాళ్ల నోట అరుదైపోయాయి. తుర్కపల్లి వైపు పల్లె నుంచి మందుల కంపెనీకి పనికి పోయే యువకుడు గేటు లోపల ‘వచ్చాను సార్’ అంటాడు, బయటికొచ్చి ఫోన్లో తల్లితో ‘వచ్చిన అవ్వా’ అంటాడు. అతని గురించి కథ రాసేవాళ్లు ఆ రెండు క్రియలనూ ఉంచాలి. కథ చెప్పే గొంతు ఏ క్రియతో నడవాలో కూడా వాళ్లే తేల్చుకోవాలి.