శబ్దగ్రహణం నుంచి దర్శకపీఠానికి

కర్లపాలెం: సినీ, వాణిజ్య ప్రకటనల రంగాల్లో దర్శకులుగా ఎదగాలని ఆశించే కర్లపాలెం, బాపట్ల, రేపల్లె ప్రాంతాల యువతకు జిల్లాలోనే చక్కని ఆదర్శం ఉంది. కళాతపస్వి కె.విశ్వనాథ్ స్వస్థలం భట్టిప్రోలు మండలం పెదపులివర్రు. ఆయన 1930 ఫిబ్రవరి 19న జన్మించారు.

తొలి మెట్టు

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బీఎస్సీ పూర్తిచేసిన విశ్వనాథ్, మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో చేరారు. అనంతరం ఆదుర్తి సుబ్బారావు వద్ద దర్శకత్వ శాఖలో మెలకువలు నేర్చారు.

35వ ఏట అవకాశం

అన్నపూర్ణా పిక్చర్స్ నిర్మించిన 'ఆత్మగౌరవం'తో 1965లో దర్శకుడయ్యారు. ఆ చిత్రానికి నంది పురస్కారం దక్కింది. అయినా తనదైన బాణీకి విస్తృత గుర్తింపు రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1976లో మూగ నర్తకి కథగా 'సిరిసిరిమువ్వ', 1980లో సంగీత విద్వాంసుడి కథగా 'శంకరాభరణం' వచ్చాయి. అగ్ర తారలు లేకున్నా 'శంకరాభరణం' ఘనవిజయం సాధించి, జాతీయ పురస్కారం అందుకొంది. శబ్దంతో మొదలైన పరిచయమే ఆయన చిత్రాల్లో నాదమై పలికిందనవచ్చు.

శ్రామికుడిగానే

చిత్రీకరణ వేళ ఆయన ఖాకీ దుస్తులే ధరించేవారు. 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన ఆయన 2023 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. లఘుచిత్రాలు, ప్రకటనలతో నేడు ప్రవేశం సులభమైనా, ఒక శాఖలో పట్టు సాధించాకే పగ్గాలు చేపట్టాలన్నది ఆయన ప్రస్థానం నేర్పే పాఠం.