కాంగ్రెసును వీడిన సోషలిస్టులు

పెద్ద రాజకీయ పక్షములో అభ్యుదయ భావములు గలవారు కొందరుందురు. పక్షము తమ ఆశయములకు దూరముగా జరుగుచున్నదని తోచినపుడు వారేమి చేయవలెను? లోపలనే నిలిచి పోరాడవలెనా? వెలుపలికి వచ్చి వేరు కుంపటి పెట్టుకొనవలెనా? వారిని నమ్మిన వోటరు ఎటు పోవలెను? ప్రజాస్వామ్యమున్న ప్రతి దేశములోను ఈ ప్రశ్న పుట్టుచునే యుండును. మన దేశములో ఇది స్పష్టముగా నెదురైనది 1948లో, కాంగ్రెసు సోషలిస్టులు మాతృసంస్థను విడిచినపుడు. ఆ కథను నేడు మరల జ్ఞప్తికి తెచ్చుకొందము.

శాసనోల్లంఘనోద్యమములో నాసిక్ జైలు చేరిన యువకులలో జయప్రకాశ్ నారాయణ్, అచ్యుత పట్వర్ధన్, మీనూ మసానీ, అశోక మెహతా మొదలగువారుండిరి. స్వరాజ్యము వచ్చినచో అది రైతుకూలీలకు కూడ దక్కవలెనను ఆలోచన వారి జైలు చర్చలలో రూపు దాల్చెను. 1934 మే నెలలో పాట్నాలో ఆచార్య నరేంద్రదేవ్ అధ్యక్షతన వారి తొలి సమావేశము జరిగెను. ఆ యక్టోబరులో బొంబాయిలో కాంగ్రెసు సోషలిస్టు పార్టీ విధ్యుక్తముగా నేర్పడెను. ఇందులో చేరువాడు కాంగ్రెసు సభ్యుడు కూడ అయి యుండవలెనని వారు నియమము పెట్టుకొనిరి. బ్రిటిషు ప్రభుత్వమును ఎదిరించు సేన ఒకటే యుండవలెననియు, ఆ సేనను చీల్చుట శత్రువునకు బలమిచ్చుటయే యనియు వారి నమ్మకము. నెహ్రూ వారియెడ సానుభూతి చూపిరి గాని పార్టీలో చేరలేదు.

లోపల నిలిచినందుకు ఫలము కొంత దక్కెను. 1936లో లక్నో కాంగ్రెసు అధ్యక్షుడైన నెహ్రూ, నరేంద్రదేవ్, జయప్రకాశ్, అచ్యుత పట్వర్ధన్‌లను కార్యవర్గములోనికి తీసికొనిరి. అదే నగరములో, అదే ఏప్రిల్ మాసములో, అఖిల భారత కిసాన్ సభ వెలసెను. స్వామి సహజానందులు దానికి అధ్యక్షులు, మన ఆచార్య రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ సంవత్సరాంతమున ఫైజ్‌పూరు కాంగ్రెసు వ్యవసాయ కార్యక్రమమును ఆమోదించెను. కౌలు, శిస్తు, రైతు ఋణము అను మాటలు మహాసభ తీర్మానములలోని కెక్కెను.

లోపల నిలుచుటకు గల హద్దులు కూడ త్వరలోనే బయటపడెను. 1939 జనవరిలో సుభాష్ చంద్రబోసు 1,580 వోట్లతో, 1,377 వోట్లు వచ్చిన పట్టాభి సీతారామయ్యగారిని ఓడించి అధ్యక్షుడయ్యెను. కాని ఏప్రిల్‌లో రాజీనామా చేయవలసి వచ్చెను. త్రిపురి మహాసభలో కీలకమైన తీర్మానముపై వోటు వచ్చినపుడు సోషలిస్టులు తటస్థముగా నుండిరి. ఐక్యత చెడరాదని వారి వాదము, సాహసము చాలలేదని బోసు అభిమానుల నింద. దక్షిణమున వారికి వేరొక దెబ్బ తగిలెను. ఆంధ్ర, కేరళ శాఖలు 1940 నాటికి చాలవరకు కమ్యూనిస్టుల వెంట నడచిపోయెను.

స్వాతంత్ర్యము రాగానే పరిస్థితి మారెను. సేన ఒకటే యుండవలెనను వాదమునకు పూర్వపు బలము లేకపోయెను. 1947 మార్చిలో కాన్పూరు సభలో సోషలిస్టులు తమ పేరునుండి కాంగ్రెసు శబ్దమును తొలగించిరి. ఆ యేడు చివర కృపలానీగారు కాంగ్రెసు అధ్యక్ష పదవిని వీడినపుడు గాంధీజీ నరేంద్రదేవ్ పేరును సూచించిరి గాని అది నెగ్గలేదు. గాంధీజీ మరణించిన కొలది దినములకే, 1948 ఫిబ్రవరిలో, వేరు సభ్యత్వము, వేరు నియమావళి గల పక్షములు కాంగ్రెసులో నుండరాదని నిర్ణయము వచ్చెను. మార్చిలో నాసిక్‌లో సోషలిస్టులు సమావేశమై బయటికి పోవుటకే తీర్మానించిరి. పదునైదేండ్ల క్రిందట ఏ యూరి జైలులో కాంగ్రెసు లోపల పార్టీ పెట్టవలెనని తలచిరో, ఆ యూరనే కాంగ్రెసును వీడిరి.

ఈ కథలో మమ్ము మిక్కిలి కదల్చు ఘట్టము దీని తరువాతిది. ఉత్తరప్రదేశ్ శాసనసభలోని నరేంద్రదేవ్, ఆయన సహచరులు కాంగ్రెసు టిక్కెట్టుపై ఎన్నికైనవారు. ఆ టిక్కెట్టుతో వచ్చిన స్థానములలో కూర్చుండుట ధర్మము కాదని తలచి వారు రాజీనామా లిచ్చిరి. నాడు ఫిరాయింపుల నిషేధ చట్టము లేదు, ఎవరును వారిని నిర్బంధింపలేదు. ఉపయెన్నికలో ఫైజాబాదున నరేంద్రదేవ్‌పై కాంగ్రెసు నిలిపిన బాబా రాఘవదాసు గాంధేయవాది, సాధువు. పండితుడు, త్యాగి, రైతు పక్షపాతియైన ఆచార్యులు ఓడిపోయిరి. ఆయనను గౌరవించుట మానకయే ప్రజలు వోటును మాత్రము కాంగ్రెసునకు వేసిరి. నాయకుడు పక్షమును ఒక దినములో వీడవచ్చును. వోటరు మనస్సులో ఆ పక్షము జెండాగా, జైలుగా, గాంధీ పేరుగా ముద్రపడి యున్నది. అది అంత త్వరగా చెరగదు.

1951–52 సాధారణ ఎన్నికలు ఇదే విషయమును అంకెలలో చూపెను. లోక్‌సభలోని 489 స్థానములలో కాంగ్రెసు 364 గెలిచెను. దానికి వచ్చిన వోట్లు నూటికి 45 మాత్రమే. సోషలిస్టులకు నూటికి 10.6 వోట్లు వచ్చెను, స్థానములు 12. కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి 5.8 వోట్లు, స్థానములు 9. కమ్యూనిస్టులకు 3.3 వోట్లే వచ్చినను స్థానములు 16. కమ్యూనిస్టులు తమకు బలమున్న కొలది ప్రాంతములలో నిలిచిరి. సోషలిస్టులు దేశమంతట నిలిచి, అంతట కొంచెము కొంచెము సంపాదించిరి. అధిక వోట్లు వచ్చినవాడే గెలుచు పద్ధతిలో విత్తనమును పలుచగా చల్లినవానికి పంట చేతికి రాదు.

మన ప్రాంతపు అనుభవము వేరొక విధమైనది. 1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారు రంగాగారిని ఓడించిరి. రంగాగారు, టంగుటూరి ప్రకాశముగారు కాంగ్రెసును వీడిరి గాని ఒక గొడుగు క్రింద నిలువలేదు. ఒకరు కృషికార్ లోక్ పార్టీని పెట్టిరి, మరియొకరు ప్రజాపార్టీలో నుండిరి. మద్రాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే వచ్చెను, కమ్యూనిస్టులకు 62. 1955 ఆంధ్ర ఎన్నికలనాటికి విడిపోయినవారిలో వీరిరువురును కాంగ్రెసుతో కూటమి కట్టిరి. 196 స్థానములలో కూటమికి 146 దక్కెను. నూటికి 31 వోట్లు వచ్చినను కమ్యూనిస్టులకు దక్కినవి 15 స్థానములే.

ఆ ఎన్నికలకు ఒక నెల ముందు ఆవడిలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజమును తన లక్ష్యముగా ప్రకటించెను. వెలుపలికి పోయినవారి పతాకమును లోపలివారే యెత్తుకొనిరి. ఇది విజయమా, పరాజయమా యని సోషలిస్టులు తమలో తాము కలహించుకొనిరి. కాంగ్రెసుతో సహకరింపవచ్చునని అశోక మెహతా, కూడదని లోహియా వాదించిరి. 1955 చివర లోహియా హైదరాబాదులో వేరు పార్టీని స్థాపించిరి. 1964లో మెహతా కాంగ్రెసులో చేరిరి. జయప్రకాశ్ అంతకుముందే భూదానోద్యమమునకు జీవితమును అర్పించి యుండిరి.

కనుక 1948 నాటి నిర్ణయము పొరపాటా? కాదని మా అభిప్రాయము. తమ పార్టీని రద్దు చేసికొనుటయో, బయటికి పోవుటయో తప్ప వారికి మూడవ మార్గము మిగులలేదు. స్వతంత్ర భారతమునకు ప్రజాస్వామ్యమును నమ్మిన ప్రతిపక్షము అవసరము. ఆ యవసరమును వారు తమ స్థానములను పోగొట్టుకొని తీర్చిరి. పొరపాటు దాని తరువాత జరిగెను. ఇల్లు విడిచినవారు కొత్త యింటికి పునాది త్రవ్వకముందే గదులు పంచుకొనుటకు తగవులాడిరి.

వోటరు మాట వేరు. ఆతడు ఏ పక్షమునకును దాసుడు కాడు, ఏ నాయకునికిని ఆస్తి కాడు. విడిపోయినవారు తన తాలూకాలో నిలదొక్కుకొని, తన కష్టసుఖములలో తోడైనపుడు వారికి వేసిన వోటు ఓడినను వ్యర్థము కాదు. పేరు తప్ప పని లేనిచోట ఆ వోటు తనకు గిట్టనివానిని గెలిపించును. ఈ వివేచన నియోజకవర్గమునకొక రీతిగా, ఎన్నికకొక రీతిగా చేయవలసినదే.

నాసిక్ తీర్మానమైన 29 ఏండ్లకు, 1977లో, సోషలిస్టులు భాగస్థులైన జనతా పార్టీ కేంద్రములో అధికారమునకు వచ్చెను. ఆ యేడు ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానములలో కాంగ్రెసునకు దక్కనిది నంద్యాల ఒక్కటే. అక్కడ జనతా పక్షమున గెలిచినవారు, 1951లో కాంగ్రెసులో రంగాగారిని ఓడించిన సంజీవరెడ్డిగారే.