జర్మనీ నగరాలలో రాత్రి జీవితం

జర్మనీ నగరాలలో సాయంత్రం మొదలుకొని తెల్లవారే వరకు మద్యశాలలు, బీర్ గార్డెన్లు, నృత్య క్లబ్బులు, సంగీత వేదికల చుట్టూ సాగే సామాజిక జీవనాన్ని రాత్రి జీవితం (జర్మను భాషలో నాఖ్ట్‌లేబెన్) అంటారు. జర్మనీ సమాఖ్య దేశం కావడం వలన మద్యశాలలు మూసే వేళ, ధూమపాన నిషేధం, పండుగ రోజుల ఆంక్షలు వంటివి రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. పానీయం కూడా నగరాన్ని బట్టి మారుతుంది. మ్యూనిక్‌లో లీటరు గ్లాసులో ఇచ్చే బీరు, కొలోన్‌లో కోల్ష్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆపిల్ వైన్ ఆయా నగరాల గుర్తింపులో భాగమైనవి. బెర్లిన్ నగరం టెక్నో సంగీతానికి, రాత్రంతా తెరచి ఉండే క్లబ్బులకు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. పెరుగుతున్న అద్దెలు, శబ్దంపై పొరుగువారి ఫిర్యాదులు, కొత్త నిర్మాణాల వలన ఇటువంటి స్థలాలు కొన్ని మూతపడ్డాయి. వీటిని కేవలం వినోద వ్యాపారంగా చూడాలా, సంస్కృతిలో భాగంగా కాపాడాలా అన్నది 21వ శతాబ్దంలో జర్మనీ న్యాయస్థానాల వరకు, పార్లమెంటు వరకు వెళ్ళిన ప్రశ్న.

చరిత్ర

జర్మనీలో వీధి మలుపున ఉండే చిన్న మద్యశాలను క్నైపె అంటారు. చాలా క్నైపెలలో రోజూ వచ్చేవారి కోసం ఒక బల్లను ప్రత్యేకంగా ఉంచుతారు. దీనికి ష్టామ్‌టిష్ అని పేరు. పని ముగిసిన తరువాత ఇక్కడ చేరి కబుర్లు, రాజకీయాలు మాట్లాడుకోవడం పాత అలవాటు.

1920లలో బెర్లిన్ నగరం క్యాబరే ప్రదర్శనలకు, నృత్యశాలలకు పేరుపొందింది. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చిన తరువాత స్వలింగ సంపర్కులు కలుసుకునే మద్యశాలలు అనేకం మూయించబడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నగరం నాలుగు విభాగాలుగా విభజింపబడినపుడు మద్యశాలలు మూసే వేళ (ష్పెర్‌ష్టుండె) ప్రతి విభాగంలోనూ అమలులో ఉండేది. 1949లో హోటలు యజమాని హైంజ్ జెల్లర్‌మేయర్ అమెరికా సైనికాధికారి ఫ్రాంక్ హౌలీని కలిసి ఈ నియమాన్ని తొలగించవలసిందిగా కోరాడు. ఆ సంవత్సరమే పశ్చిమ బెర్లిన్‌లో మూసే వేళ రద్దయింది. తరువాతి కాలంలో బెర్లిన్ రాత్రి జీవితానికి ఈ నిర్ణయమే పునాది అయింది. కోవిడ్ మహమ్మారి సమయంలో, 2020 అక్టోబరులో, రాత్రి 11 నుండి ఉదయం 6 వరకు మద్యశాలలు మూయాలని నగర ప్రభుత్వం ఆదేశించినపుడు సుమారు 70 ఏళ్ళ తరువాత నగరవాసులు మళ్ళీ మూసే వేళను చూశారు.

ప్రధాన నగరాలు

బెర్లిన్

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరచుకున్న తరువాత నగర తూర్పు భాగంలో కర్మాగారాలు, గిడ్డంగులు, విద్యుత్ కేంద్రాలు అనేకం ఖాళీగా మిగిలాయి. చాలా భవనాలకు యజమాని ఎవరో తేలడానికే సంవత్సరాలు పట్టింది. ఈ వ్యవధిలో యువకులు తక్కువ ఖర్చుతో, కొన్నిచోట్ల అనుమతి లేకుండానే, అక్కడ క్లబ్బులు ప్రారంభించారు. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పుట్టిన టెక్నో అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం ఈ క్లబ్బులలో స్థిరపడింది. విడివడిన రెండు బెర్లిన్‌ల యువత మొదటిసారిగా కలిసి గడిపిన చోట్లలో ఇవి కూడా ఉన్నాయి.

1991లో వెర్ట్‌హైమ్ డిపార్ట్‌మెంట్ స్టోరు పాత ఖజానా గదిలో ట్రెసర్ క్లబ్బు ప్రారంభమైంది. జర్మను భాషలో ట్రెసర్ అంటే ఇనప్పెట్టె అని అర్థం. 2005లో ఆ స్థలాన్ని ఖాళీ చేయవలసి రాగా, 2007లో ఇది ఒక పాత విద్యుత్ కేంద్రంలో తిరిగి తెరచుకుంది. 2004లో ప్రారంభమైన బెర్‌ఘైన్ క్లబ్బు కూడా ఒక పాత విద్యుత్ కేంద్ర భవనంలోనే ఉన్నది. క్రాయిజ్‌బెర్గ్, ఫ్రీడ్రిష్‌హైన్ అనే రెండు పేటల పేర్లలోని చివరి భాగాలను కలిపి దీనికి ఈ పేరు పెట్టారు. లోపల ఫొటోలు తీయడం నిషేధం కనుక ప్రవేశద్వారం వద్ద ఫోను కెమెరాలపై స్టిక్కరు అంటిస్తారు. ఎవరిని లోపలికి పంపాలన్నది ద్వారపాలకుల నిర్ణయం. గంటలకొద్దీ వరుసలో నిలబడినవారు వెనుదిరగడం ఇక్కడ సాధారణం.

క్లబ్బుల బయట బెర్లిన్‌కు ప్రత్యేకమైనది ష్పేటి అనే చిన్న దుకాణం. రాత్రి పొద్దుపోయే వరకు తెరచి ఉండే ఈ దుకాణాలలో బీరు సీసా కొనుక్కొని నది ఒడ్డున, పార్కులో కూర్చుని తాగడం నగరంలో సర్వసాధారణం. ఎక్కువ ఖర్చు పెట్టలేని విద్యార్థులకు ఇది అనువైన పద్ధతి.

హాంబర్గ్

హాంబర్గ్ ఓడరేవు సమీపంలోని జాంక్ట్ పౌలి పేటలో సుమారు ఒక కిలోమీటరు పొడవున్న రీపర్‌బాన్ వీధి నావికుల కాలం నుండి వినోదానికి, వేశ్యావాటికకు పేరుపడినది. ఒకప్పుడు ఇక్కడ ఓడల కొరకు లావు తాళ్ళు పేనేవారు. ఆ తాళ్ళను బట్టే వీధికి ఈ పేరు వచ్చింది. ఇంగ్లాండుకు చెందిన బీటిల్స్ బృందం పేరు పొందక ముందు, 1960 నుండి 1962 వరకు, ఈ పేటలోని ఇంద్ర, కైజర్‌కెల్లర్, టాప్ టెన్, స్టార్ క్లబ్‌లలో రాత్రుల తరబడి పాడింది. వారి జ్ఞాపకార్థం 2008లో ఇక్కడ బీటిల్స్ ప్లాట్జ్ అనే కూడలిని ఏర్పాటు చేశారు.

వారాంతపు రాత్రులలో గాజు సీసాలతో దాడులు జరుగుతుండటం వలన 2009 నుండి ఆ సమయాలలో ఈ వీధిలోకి గాజు సీసాలు తేవడం నిషేధించబడింది. రాత్రంతా మేలుకున్నవారు ఆదివారం తెల్లవారుజామున ఎల్బె నది ఒడ్డున జరిగే చేపల సంతకు వెళ్ళడం ఇక్కడి ఆనవాయితీ. ఈ సంత 1703 నుండి జరుగుతున్నది.

మ్యూనిక్

బవేరియా రాజధాని మ్యూనిక్‌లో రాత్రి జీవితం బీరు చుట్టూ అల్లుకున్నది. 1589లో బవేరియా పాలకుడు ఐదవ విల్‌హెల్మ్ స్థాపించిన హోఫ్‌బ్రాయ్‌హౌస్ నగరంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన బీరు మందిరం. ఇక్కడ లీటరు పట్టే గ్లాసును మాస్ అంటారు. 1810లో యువరాజు లుడ్విగ్ వివాహ సందర్భంగా మొదలైన అక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవం ఏటా సెప్టెంబరులో ప్రారంభమై అక్టోబరు మొదటి రోజులలో ముగుస్తుంది. నగరానికి చెందిన ఆరు బ్రూవరీల బీరు మాత్రమే అక్కడ అమ్ముతారు.

నగరవాసులకు నిత్యజీవితంలో దగ్గరైనవి బీర్ గార్డెన్లు. శీతల యంత్రాలు లేని కాలంలో బ్రూవరీల వారు బీరును చల్లగా ఉంచడానికి నేలమాళిగలు తవ్వి, పైన నీడ కొరకు చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ చెట్ల క్రింద బల్లలు వేసి బీరు అమ్మసాగారు. దీనితో తమ వ్యాపారం దెబ్బతింటున్నదని భోజనశాలల వారు ఫిర్యాదు చేశారు. 1812లో రాజు మొదటి మాక్సిమిలియన్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బ్రూవరీలు తమ తోటలలో బీరుతో పాటు రొట్టె మాత్రమే అమ్మవచ్చును. అందువలన జనం ఇంటి నుండి తిండి తెచ్చుకునేవారు. ఆ ఆంక్ష పోయినా ఆచారం నిలిచింది. నేటికీ బీరు అక్కడే కొని, ఆహారం వెంట తెచ్చుకోవచ్చును. హిర్ష్‌గార్టెన్, ఇంగ్లీష్ గార్డెన్‌లోని చైనా గోపురం వద్ద ఉన్న తోట వీటిలో పెద్దవి.

1995లో, పొరుగువారి ఫిర్యాదుపై, వాల్డ్‌విర్ట్‌షాఫ్ట్ అనే బీర్ గార్డెన్‌ను రాత్రి 9:30కే మూయాలని న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. దీనికి నిరసనగా ఆ ఏడాది మే నెలలో వేలాది మంది మ్యూనిక్ వీధులలో ఊరేగారు. ఈ ఉద్యమం బీర్ గార్డెన్ విప్లవం అని పేరుపొందింది. చివరకు 1999లో బవేరియా ప్రభుత్వం చేసిన నియమావళి ప్రకారం సంగీతం రాత్రి 10కి, బీరు అమ్మకం 10:30కి ఆపి, తోటను 11 గంటలకు మూయాలి. తాగేవారి సరదాకు, పొరుగువారి నిద్రకు మధ్య కుదిరిన రాజీగా దీనిని చెప్పవచ్చును.

కొలోన్, డ్యూసెల్డార్ఫ్

రైన్ నది ఒడ్డున ఉన్న ఈ రెండు నగరాల మధ్య పానీయం విషయంలో సరదా పోటీ ఉన్నది. కొలోన్‌వారి బీరు లేత బంగారు రంగులో ఉండే కోల్ష్. దీనిని 0.2 లీటర్ల సన్నని గ్లాసులో ఇస్తారు. వడ్డించేవారిని క్యోబెస్ అంటారు. గ్లాసు ఖాళీ కాగానే క్యోబెస్ అడగకుండానే మరొకటి తెచ్చి పెట్టి, గ్లాసు క్రింద ఉంచే అట్టపై ఒక గీత గీస్తాడు. చివరలో గీతలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటాడు. ఇక చాలు అనుకున్నవారు ఆ అట్టను గ్లాసుపై మూతగా పెట్టాలి. 1997 నుండి కోల్ష్ అనే పేరుకు ఐరోపా సమాఖ్యలో భౌగోళిక గుర్తింపు రక్షణ ఉన్నది.

డ్యూసెల్డార్ఫ్ బీరు ముదురు రాగి రంగులో ఉండే ఆల్ట్. పాత నగర ప్రాంతంలో అర చదరపు కిలోమీటరు మేర వందల మద్యశాలలు ప్రక్కప్రక్కనే ఉండటం చేత దీనిని ప్రపంచంలోనే అతి పొడవైన బార్ అని పిలుస్తారు. యూరిగె, షూమాఖర్, ఫ్యుక్ష్‌షెన్ అనేవి తమ బీరును తామే తయారుచేసుకునే మద్యశాలలు.

ఫ్రాంక్‌ఫర్ట్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే పుల్లని ఆపిల్ వైన్ ప్రధాన పానీయం. దీనిని నీలిరంగు చిత్రాలున్న బూడిదరంగు కూజా (బెంబెల్) నుండి, గళ్ళ అచ్చు ఉన్న గ్లాసులలోకి వంచుతారు. మైన్ నదికి దక్షిణాన ఉన్న జాక్సెన్‌హౌజెన్ పేట ఇందుకు ప్రసిద్ధి. 1978 నుండి 2000 వరకు నగర విమానాశ్రయంలోనే డోరియన్ గ్రే అనే క్లబ్బు నడిచింది. 2022లో ఎలక్ట్రానిక్ సంగీతానికి ఒక మ్యూజియం ఈ నగరంలో ప్రారంభమైంది.

లైప్‌జిగ్

లైప్‌జిగ్‌లోని ఆవర్‌బాఖ్స్ కెల్లర్ అనే నేలమాళిగ మద్యశాల గేటే నాటకం ఫౌస్ట్‌లో కనిపిస్తుంది. ఉప్పు, కొత్తిమీర గింజలు (ధనియాలు) వేసి చేసే పుల్లని గోజె బీరు ఇక్కడి ప్రత్యేకత. మొరిట్స్‌బాస్టై అనే పాత కోట బురుజును 1970లలో విద్యార్థులే మట్టి తవ్వి విద్యార్థి క్లబ్బుగా మార్చుకున్నారు. తరువాతి కాలంలో జర్మనీ ఛాన్సలర్ అయిన ఆంగెలా మెర్కెల్ ఆ విద్యార్థులలో ఒకరు.

చట్టాలు, నియమాలు

* వయసు: బీరు, వైన్ 16 ఏళ్ళు నిండినవారికి, ఘాటు మద్యం 18 ఏళ్ళు నిండినవారికి మాత్రమే అమ్మాలి. 16, 17 ఏళ్ళ వయసువారు పెద్దల తోడు లేకుండా మద్యశాలలలో, నృత్యశాలలలో అర్ధరాత్రి వరకే ఉండవచ్చును.
* వాహనాలు: కారు నడిపేవారి రక్తంలో ఆల్కహాలు 0.5 సహస్రాంశం (లీటరుకు అర గ్రాము) మించరాదు. 21 ఏళ్ళ లోపువారు, కొత్తగా లైసెన్సు పొందినవారు అసలు తాగి నడపరాదు. కారుకు ఉన్న పరిమితే ఎలక్ట్రిక్ స్కూటర్లకూ వర్తిస్తుంది.
* బహిరంగ స్థలాలు: వీధిలో తాగడం సాధారణంగా నేరం కాదు. అయితే కొన్ని నగరాలు ప్రత్యేక ప్రాంతాలలో నిషేధం విధించాయి. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2010 నుండి 2017 వరకు రాత్రి 10 తరువాత దుకాణాలలో మద్యం అమ్మకం నిషేధింపబడినది.
* ధూమపానం: ప్రజాభిప్రాయ సేకరణ తరువాత బవేరియాలో 2010 ఆగష్టు 1 నుండి మద్యశాలలలో పూర్తి నిషేధం అమలైంది.
* పండుగలు: గుడ్ ఫ్రైడే నాడు బహిరంగ నృత్యంపై ఆంక్ష ఉన్నది. దీని వ్యవధి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.
* సీసాలు: ఖాళీ సీసా తిరిగి ఇస్తే ముందుగా చెల్లించిన జామీను సొమ్ము తిరిగి ఇస్తారు. సాధారణ బీరు సీసాకు ఇది 8 సెంట్లు. పేదలు కొందరు రాత్రివేళ సీసాలు ఏరుకొని ఆదాయం పొందుతారు. అందువలన తాగినవారు సీసాను చెత్తబుట్టలో వేయక ప్రక్కన నిలబెట్టి వెళతారు.

భద్రత

1989లో పశ్చిమ బెర్లిన్‌లో సుమారు 150 మందితో మొదలైన లవ్ పరేడ్ అనే టెక్నో ఊరేగింపు 1990ల చివరినాటికి పది లక్షలకు పైగా జనాన్ని ఆకర్షించింది. 2010 జూలై 24న డ్యూయిస్‌బర్గ్‌లో జరిగిన పరేడ్‌లో ఇరుకైన దారిలో తొక్కిసలాట జరిగి 21 మంది మరణించారు. ఆ తరువాత ఈ ఉత్సవాన్ని నిర్వాహకులు శాశ్వతంగా ఆపివేశారు.

మూతపడుతున్న క్లబ్బులు, గుర్తింపు

ఖాళీ భవనాలలో చౌక అద్దెకు పుట్టిన క్లబ్బులు, ఆ పేటల విలువ పెరగగానే అక్కడ నిలవలేకపోయాయి. బెర్లిన్‌లో ష్ప్రే నది తీరాన కార్యాలయ భవనాల నిర్మాణానికి వ్యతిరేకంగా 2008లో జరిగిన స్థానిక ఓటింగులో అధిక సంఖ్యాకులు తీరాన్ని ప్రజలకు తెరచి ఉంచాలని కోరారు. అయినా అక్కడి బార్ 25 క్లబ్బు 2010లో మూతపడింది. 2002లో ప్రారంభమైన వాటర్‌గేట్ క్లబ్బు 2024 చివరలో మూతపడింది. హాంబర్గ్‌లో మోలోటవ్ క్లబ్బు ఉన్న భవనాన్ని 2013 డిసెంబరులో కూలిపోయే ప్రమాదం వలన ఖాళీ చేయించారు. అప్పటి నుండి ఆ క్లబ్బు పలుమార్లు చోటు మారవలసి వచ్చింది.

క్లబ్బుల తరఫున మాట్లాడటానికి బెర్లిన్‌లో 2001లో క్లబ్ కమిషన్ అనే సంఘం ఏర్పడింది. 2016లో ఒక న్యాయస్థానం బెర్‌ఘైన్‌లోని సంగీత కార్యక్రమాలను కచేరీలతో సమానంగా పరిగణించి తక్కువ పన్ను వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2018లో బెర్లిన్ నగరం క్లబ్బులలో శబ్ద నిరోధక పనులకు పది లక్షల యూరోల నిధి ఏర్పాటు చేసింది. అదే సంవత్సరం మాన్‌హైమ్ నగరం జర్మనీలో మొదటిసారిగా రాత్రి మేయరును నియమించింది. క్లబ్బు యజమానులకు, నివాసులకు, నగర పాలనకు మధ్య సర్దుబాటు చేయడం ఈ పదవి బాధ్యత. అప్పటికి నిర్మాణ చట్టంలో క్లబ్బులు జూదశాలల కోవలో ఉండేవి. 2021 మే 7న జర్మనీ పార్లమెంటు సంగీత క్లబ్బులను సాంస్కృతిక స్థలాలుగా పరిగణించాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేసింది. 2024లో బెర్లిన్ టెక్నో సంస్కృతి జర్మనీ జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేరింది. అయితే ఈ గుర్తింపు వలన అద్దె తగ్గదు, గడువు తీరిన ఒప్పందం పొడిగింపబడదు. వాటర్‌గేట్ మూతపడింది ఆ సంవత్సరమే.

ఇదే కాలంలో తాగే అలవాటు కూడా మారుతున్నది. 1990లో జర్మనీలో తలసరి బీరు వినియోగం ఏడాదికి 140 లీటర్లకు పైగా ఉండగా, 2023 నాటికి 90 లీటర్లకు లోపుకు తగ్గింది. ఆల్కహాలు లేని బీరు వాటా పెరిగింది.

ఇవి కూడా చూడండి

* జర్మనీ
* బెర్లిన్ గోడ
* అక్టోబర్‌ఫెస్ట్
* బీరు
* టెక్నో సంగీతం