మాసిక

తెలుగులో మాసికలు రెండున్నాయి. ఒకటి అచ్చతెలుగు మాట, చిరుగు మీద వేసి కుట్టే గుడ్డముక్క. ఇంకొకటి సంస్కృతం నుంచి దిగింది, నెలకు సంబంధించినదని అర్థం. పేపర్లో చదివే త్రైమాసిక ఫలితాలు, పోయినవారికి ఏడాదిపాటు నెలనెలా పెట్టే మాసికాలు ఈ రెండోదాని సంతానం. పుట్టుకలో ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. వియ్యం కలిపింది కంప్యూటర్లవాళ్లు. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి నెలనెలా రెండో మంగళవారం ప్యాచులు విడుదల చేస్తోంది. వెబ్‌సైట్లు నడిపే డ్రూపల్ వాళ్లు, కోర్‌లో పూడ్చాల్సిన చిల్లు ఏదైనా ఉంటే, మూడో బుధవారం పెట్టుకున్నారు. నెలకోసారి వచ్చే అతుకు కనుక అది రెండు విధాలా మాసికే.

దుబాయ్‌లోనూ షార్జాలోనూ వెబ్‌సైట్లు చూసుకునే మనవాళ్లు మాసిక అనరు, ప్యాచ్ అంటారు. కానీ పక్కనున్న క్రియను గమనించండి. అప్‌డేట్ చేస్తాం, అప్‌గ్రేడ్ చేస్తాం, బ్యాకప్ తీస్తాం. ప్యాచ్ మాత్రం వేస్తాం. నామవాచకం ఇంగ్లీషు నుంచి వచ్చినా, క్రియ పాత మాసికదే.

అరబ్బీలో మాసికను రుక్‌అ అంటారు. ఆ మాటకే కాగితం ముక్క, చీటీ అనే అర్థాలూ ఉన్నాయి. 1944 నాటి హార్వర్డ్ మార్క్-1 యంత్రానికి ఆదేశాలు కాగితపు టేపు మీద చిల్లుల రూపంలో ఉండేవి. తప్పు చిల్లు పడితే దాని మీద ముక్క అతికించి మూసేవారు. అరబ్బీవాడికి ఆ రెండు అర్థాలూ ఒక్క మాటలో దొరుకుతాయి, మనకు దొరకవు. దుబాయ్ సత్వాలో దర్జీలు చేసే రఫూ కూడా అరబ్బీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చినదే. అయితే రఫూ పని దాచడం, దారంలో దారం కలిసిపోవాలి. మాసిక దాగదు. ఇక్కడ చిరిగిందని ఊరందరికీ చెబుతుంది. ప్యాచుకు మాసికే సరైన మాటని నేను పట్టుబట్టేది అందుకే.

2014 అక్టోబరు 15, బుధవారం. డ్రూపల్ 7లో పెద్ద చిల్లు ఉందని ప్రకటించి, దాన్ని మూసిన 7.32ను విడుదల చేశారు. మారింది ఒక్క లైను. డేటాబేసుకు ప్రశ్న కట్టే చోట, బయటివాడు పంపిన జాబితాలో విలువలతోపాటు వాటికి వాడు పెట్టిన పేర్లను కూడా నమ్మి వాక్యంలోకి ఎక్కించేవారు. ఆ పేర్లను పారేసి 0, 1, 2 అని కొత్తగా వరస వేసే అర్రే_వ్యాల్యూస్ అనే ఫంక్షన్‌ను ఆ లైనులో చొప్పించారు. అంతే. ఆ లైను చదివినవాడికి, ప్యాచ్ వేయని సైటులో ఎక్కడ వేలు పెట్టాలో కూడా తెలిసిపోయింది. ప్రకటన వెలువడిన 7 గంటల్లోగా సరిచేసుకోని ప్రతి డ్రూపల్ 7 సైటూ పరాయి చేతుల్లో పడ్డట్టే లెక్క వేసుకోండని అదే నెల 29న డ్రూపల్ భద్రతా బృందం చెప్పింది. యూఏఈ గడియారంలో ఆ 7 గంటలు బుధవారం రాత్రి 8 నుంచి గురువారం తెల్లవారుజామున 3 దాకా. అప్పట్లో అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు (శని, ఆదివారాలకు మారింది 2022లో). గురువారం మెయిల్ చూసి ‘ఆదివారం వచ్చాక చూద్దాంలే’ అనుకున్నవాళ్ల గతి చెప్పక్కర్లేదు.

ఆ హెచ్చరికలోనే ఇంకో విడ్డూరం ఉంది. మీరు వేయకుండానే ప్యాచ్ పడి ఉంటే సంబరపడకండి అన్నారు. లోపల దూరినవాడే, తన తర్వాత ఇంకో దొంగ రాకుండా మాసిక వేసి ఉండొచ్చు! అలాంటి సైటుకు 15వ తేదీకి ముందు తీసిన బ్యాకప్పే దిక్కు.

మాసికకు తొందర కావాలి, అప్‌గ్రేడ్‌కు తొందర పనికిరాదు. తెలుగు బైబిల్లో, మత్తయి సువార్త 9వ అధ్యాయంలో, మాసిక మాట వస్తుంది. పాత బట్టకు కొత్త గుడ్డ వేస్తే చినుగు పెద్దదవుతుందని చెప్పిన చోట. ఎప్పుడో సొంతంగా రాయించుకున్న మాడ్యూల్ కింద కొత్త పీహెచ్‌పీ పెట్టినా జరిగేది అదే. డ్రూపల్ 7 నుంచి 8కి వెళ్లడమంటే కొత్త సైటు కట్టుకుని సరుకు తరలించుకోవడం. చాలామంది కదల్లేదు. 2011 జనవరి 5న వచ్చిన 7కు గడువు పొడిగిస్తూ 2025 జనవరి 5 దాకా లాక్కొచ్చారు. ఆ తరలింపును నవీకరణ అంటే నాకు మనసొప్పదు, జీర్ణోద్ధరణ అంటే బాగుంటుంది. ఆ ఊపులో స్టేజింగ్‌ను, అంటే మార్పులు ముందుగా చేసి చూసుకునే నకలు సైటును, బాలాలయం అందామని కూడా మోజుపడ్డాను గానీ, అది కుదరదు. గుడి పని జరిగేటప్పుడు పూజలు బాలాలయానికి మారతాయి, పని అసలు గుడిలో జరుగుతుంది. స్టేజింగ్‌లో అంతా తలకిందులు. పూజలు పాత గుడిలోనే, పని నకలు గుడిలో.

ఆ నకల్లో యూఏఈ సైటుకు ముందుగా తెరవాల్సింది అరబ్బీ పేజీ. ఇంగ్లీషు పేజీ చక్కగా ఉందని పచ్చజెండా ఊపేస్తే, కుడి నుంచి ఎడమకు నడవాల్సిన మెనూ ఎడమ అంచుకు అతుక్కుపోయిందని ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా తెలియదు.