అలెగ్జాండ్రియా: గైడు చూపిన నగరం, చూపని నగరం

పర్యాటకుడికి చరిత్ర వడ్డించిన విస్తరిలా దొరుకుతుంది. ఏది వడ్డించాలో, ఏది వంటింట్లోనే వుంచెయ్యాలో వడ్డించేవాడే నిర్ణయిస్తాడు. తెలుగులో ఈమధ్య విదేశయాత్రా రచనలు బాగా పెరిగాయి. వాటిలో చాలామటుకు కట్టడాల కొలతలు, హోటళ్ళ సౌకర్యాలు, విమానాల ఆలస్యాలే కనిపిస్తాయి. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామి, 1838లో అచ్చయిన తన యాత్రాచరిత్రలో దారిలోని వూళ్ళ స్థితిగతులు, అంగళ్ళు, సుంకాలు, జనం బతికే తీరు శ్రద్ధగా నమోదు చేశాడు. దాదాపు రెండు వందల యేళ్ళ తర్వాత మన యాత్రారచన ఆయనకంటే వెనక్కి పోయిందంటే కారణం రచయితలకు కళ్ళు లేక కాదు. ఎవరి పక్కన నిలబడి చూడాలన్న ప్రశ్న వేసుకోకపోవడమే కారణం.

ఈజిప్టు ఉత్తర తీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున వున్న అలెగ్జాండ్రియాలో నేను గడిపిన రెండు రోజులు ఈ ప్రశ్ననే నా ముందు పెట్టాయి. ఒక యాత్రాబృందంతో కలిసి వెళ్ళాను కనుక అందరికీ చూపించేవే నాకూ చూపించారు. ఈ వ్యాసం ఆ నగర వర్ణన కాదు. ఆ నగర చరిత్రను మన ముందు ఎట్లా పేరుస్తున్నారు, ఆ పేర్పులో ఎవరు జారిపోతున్నారు అన్నదే ఇక్కడ పరిశీలన.

1

గైడు చెప్పే చరిత్రకు ఒక వరస వుంది. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ నగరానికి పునాది వేశాడు. టాలమీలు గ్రంథాలయం, దీపస్తంభం కట్టించారు. క్లియోపాత్రా ప్రేమించింది, మరణించింది. రోమన్లు వచ్చారు. ఆ తర్వాత "పతనం". మళ్ళీ పందొమ్మిదో శతాబ్దంలో యూరపు వ్యాపారులు రావడంతో "పునర్జన్మ". అంటే విదేశీ పాలకుడు వున్నప్పుడు నగరం బతికింది, లేనప్పుడు చచ్చింది అని తాత్పర్యం. అలెగ్జాండర్ రాకముందే అక్కడ రకోటిస్ అనే ఈజిప్షియన్ల వూరు వుండేదన్న సంగతి ఈ వరసలో ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదు.

టాలమీల పేరు మనకు కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలు వున్నాయి. వాటిలో పదమూడోది, తన ధర్మవిజయం ఎక్కడెక్కడికి చేరిందో చెబుతూ యవన రాజుల పేర్లు చెబుతుంది. అందులో "తులమయ" అనే పేరు ఈజిప్టును ఏలిన రెండో టాలమీది. అదే శాసనం కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షన్నరమందిని చెరపట్టి తరలించారనీ కూడా చెబుతుంది. రాజు తన శాసనంలో తాను చంపిన వాళ్ళ లెక్క చెప్పడం ప్రపంచ చరిత్రలో అరుదు. అలెగ్జాండ్రియాలో నేను చూసిన రాళ్ళలో అటువంటిది ఒక్కటీ లేదు.

వున్నది "పాంపే స్తంభం". ఎర్ర గ్రానైటు రాయి. పునాదితో, శిఖరంతో కలిపి దాదాపు 27 మీటర్ల ఎత్తు. నడుమ వున్న స్తంభకాండమంతా ఒకే రాయి. పాంపేకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరు మధ్యయుగాల యూరపు యాత్రికులు అంటగట్టింది. క్రీ.శ. 297-98లో అలెగ్జాండ్రియా రోము మీద తిరగబడితే, డయొక్లీషియన్ చక్రవర్తి నెలల తరబడి నగరాన్ని ముట్టడించి అణిచివేశాడు. ఆ తర్వాత అతని గౌరవార్థమే ఈ స్తంభం నిలబెట్టారు. పీఠం మీది శాసనం అతని పేరే చెబుతుంది. అణగదొక్కినవాడికి అణగిపోయిన నగరం నిలబెట్టిన స్తంభం ఇది. ఆ రాయిని ఎక్కడో దక్షిణాన అస్వాన్ గనుల్లో చెక్కి, నైలు నది మీదుగా తెచ్చి, ఎత్తి నిలిపినవాళ్ళ పేరు ఏ వైపునా లేదు. మేము దాని ముందు ఫోటోలు దిగాం.

గ్రంథాలయం సంగతి ఇంకా విచిత్రం. మా బృందంలో ఒకాయన, "అరబ్బులే కదండీ తగలబెట్టింది?" అని అడిగాడు. మన దేశంలో కూడా ఈ మాట చదువుకున్నవాళ్ళ నోట తరచుగా వింటాం. ఖలీఫా ఉమర్ ఆజ్ఞతో గ్రంథాలను స్నానశాలల్లో వంటచెరకుగా వాడారన్న ఈ కథ, అరబ్బులు నగరాన్ని గెలిచిన ఏడో శతాబ్దపు రచనల్లో ఎక్కడా లేదు. ఆరు వందల యేళ్ళ తర్వాత, పదమూడో శతాబ్దం నాటి రచనల్లో మొదటిసారి కనిపిస్తుంది. చరిత్రకారులు దీన్ని నమ్మరు. క్రీ.పూ. 48లో సీజర్ పెట్టిన మంటలు, తర్వాతి యుద్ధాలు, పాలకుల నిర్లక్ష్యం, క్రీ.శ. 391లో సెరాపియం ఆలయ విధ్వంసం - ఇట్లా శతాబ్దాల పొడుగునా ఆ జ్ఞానసంపద తరిగిపోయింది. 415లో గణితశాస్త్రవేత్త హైపేషియాను ఒక క్రైస్తవ మూక చంపింది. ఒక మతాన్ని దోషిగా నిలబెట్టడానికి కథ కావాలనుకున్నవాళ్ళకు ఆధారం అక్కరలేదు. పుస్తకాలను తగలబెట్టేది ఏ ఒక్క మతమో కాదనీ, అధికారంతో చెయ్యి కలిపిన ఏ మతమైనా ఆ పని చెయ్యగలదనీ గ్రహిస్తే, అలెగ్జాండ్రియా కథ మనకూ పనికొస్తుంది.

2002లో అక్కడ కొత్త గ్రంథాలయం తెరిచారు. సముద్రం వైపు వాలిన పెద్ద చక్రంలాంటి కట్టడం. బయటి గ్రానైటు గోడ మీద ప్రపంచ లిపుల అక్షరాలు చెక్కారు. చక్కగా వుంది. కాని నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది కోమ్ ఎల్ దిక్కాలో 1960ల నుంచీ పోలండు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి తీసిన ప్రాచీన తరగతి గదులు. మూడు వైపులా మెట్లబల్లలు, మధ్య గురువు కూర్చునే ఎత్తు పీట. అట్లాంటివి ఇరవై దాకా వున్నాయి. క్రీ.శ. అయిదు, ఏడు శతాబ్దాల మధ్యవి. పక్క వీధిలో పనివాళ్ళ ఇళ్ళు, కార్ఖానాలు. "పతన"కాలం అని గైడు దాటేసిన రోజుల్లోనే అక్కడ పిల్లలు చదువుకున్నారు, పనివాళ్ళు పనిచేశారు. బడిపంతులుగా నాకిది చిన్న విషయం కాదు. రాజ్యం పడిపోతే చరిత్ర ఆగిపోతుందనుకోవడం పాలకుల లెక్క మాత్రమే.

2

ఆధునిక అలెగ్జాండ్రియాకు నిజమైన పునాది ఏ స్తంభమూ కాదు, ఒక కాలువ. 1798లో నెపోలియన్ సైన్యం దిగేనాటికి అది కొన్నివేల జనాభా గల చిన్న రేవు. నైలు నీళ్ళను, నైలు పడవలను రేవుకు తేవడానికి మహమ్మద్ అలీ పాషా 1817-20 మధ్య డెబ్బై కిలోమీటర్లకు పైగా మహ్మూదియా కాలువ తవ్వించాడు. పేరు అప్పటి ఉస్మానియా సుల్తానుది. తవ్వింది వెట్టికి తోలుకొచ్చిన రైతులు. వాళ్ళ సంఖ్య లక్షల్లో చెబుతారు. చాలినంత తిండి, నీళ్ళు, పనిముట్లు లేక చనిపోయినవాళ్ళు పన్నెండు వేలని కొందరు, అంతకు ఎన్నో రెట్లని మరికొందరు లెక్క కడతారు. చచ్చినవాళ్ళ లెక్కలో ఇంత తేడా వుండడమే, ఆ ప్రాణాలకు అప్పట్లో ఎంత విలువ వుండేదో చెబుతుంది.

ఆ కాలువ మీదుగా పత్తి వచ్చింది. 1861-65లో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోతే ఈజిప్టు పత్తికి ధర విపరీతంగా పెరిగింది. రేవులో పత్తి వ్యాపారుల మేడలు లేచాయి. యుద్ధం ముగిసి ధర పడింది. పాలకుడు ఇస్మాయిల్ చేసిన అప్పులు మాత్రం మిగిలాయి. 1875లో అతను సూయజ్ కాలువ వాటాలను దాదాపు నలభై లక్షల పౌన్లకు బ్రిటన్‌కు అమ్ముకున్నాడు. 1876లో ఖజానా దివాలా తీసింది. అప్పులవాళ్ళ తరఫున బ్రిటన్, ఫ్రాన్సులు ఆదాయవ్యయాల మీద పెత్తనం చేపట్టాయి. దీని మీద సైన్యాధికారి అహమ్మద్ ఉరాబీ నాయకత్వాన "ఈజిప్టు ఈజిప్షియన్లదే" అన్న ఉద్యమం లేచింది. 1882 జులై 11న బ్రిటిషు యుద్ధనౌకలు ఉదయం నుంచి సాయంత్రం దాకా అలెగ్జాండ్రియా మీద గుళ్ళు కురిపించాయి. నగరం నడిబొడ్డు తగలబడింది. సెప్టెంబరులో తెల్ ఎల్ కెబీర్ దగ్గర ఉరాబీ ఓడిపోయాడు.

ఈ యుద్ధంలో మనకూ వాటా వుంది. తెల్ ఎల్ కెబీర్ గెలిచిన సైన్యంలో భారతదేశం నుంచి పోయిన దళం వుంది. మద్రాసు సాపర్ల యుద్ధగౌరవాల జాబితాలో "ఈజిప్టు 1882", "తెల్ ఎల్ కెబీర్" నేటికీ వున్నాయి. ఆ ఖర్చులో కొంత భారత ఖజానా మీదే వేశారు. ఒక బానిసదేశపు రైతు కట్టిన పన్నుతో ఇంకొక దేశపు రైతును బానిసను చెయ్యడం - సామ్రాజ్యవాదం అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు. భారతీయ పర్యాటకుడు ఆ నగరంలో ఏ పాపమూ ఎరగని అతిథి కాదు. అక్కడి చరిత్ర అతని చరిత్ర కూడా.

మహ్మూదియా కాలువ నగరంలో సాగిన మేరను ఇటీవల పూడ్చి, 2020లో పెద్ద రోడ్డుగా ప్రారంభించారు. ఆ రైతులకు స్మారకంగా మిగిలిన నీళ్ళు కూడా కళ్ళకు కనిపించకుండా పోయాయి.

3

సాహిత్య విద్యార్థులు గమనించవలసింది ఇక్కడినుంచి. ఇంగ్లీషు చదువుకున్న మనకు అలెగ్జాండ్రియా అంటే లారెన్స్ డరెల్. 1957-60 మధ్య వెలువడిన అతని నాలుగు నవలలు ఆ నగరాన్ని అత్తరు వాసనల, అంతుచిక్కని కోరికల నగరంగా ప్రపంచానికి పరిచయం చేశాయి. అతని వాక్యానికి మెరుపు వుంది. కాని నగరంలో అత్యధికులైన అరబ్బు పేదజనం అందులో ఎక్కువగా వీధి చప్పుడుగానే వినిపిస్తారు.

విదేశీ రచయితలందరినీ ఒకే గాటన కట్టడం కూడా విమర్శ కాదు. గ్రీకు కవి కవాఫీ అక్కడే 1863లో పుట్టి 1933లో అక్కడే పోయాడు. నీటిపారుదల శాఖలో ముప్ఫై యేళ్ళు గుమాస్తా. ఆయన కవిత్వంలో రాజ్యాల గొప్ప కంటే ఓటమి పాలైనవాళ్ళ గౌరవం ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రెడ్‌క్రాసు పని మీద వచ్చిన ఇ.ఎం. ఫార్‌స్టర్, 1922లో నగర చరిత్రను, మార్గదర్శినిని కలిపి ఒకే పుస్తకంగా వేశాడు. అంతకు రెండేళ్ళ ముందు ఈజిప్టులో బ్రిటిషు పాలనను విమర్శిస్తూ కూడా రాశాడు. ఒక ట్రాము కండక్టరుతో ఏర్పడిన గాఢమైన అనుబంధం ఆయనకు నగరాన్ని కిందినుంచి చూపింది.

అయితే అసలు గొంతులు వేరే వున్నాయి. రోమన్ల రంగస్థలం చూపించే కోమ్ ఎల్ దిక్కాలోనే 1892లో సయ్యద్ దర్వీష్ పుట్టాడు. తాపీపని చేసి బతికినవాడు. పని చేస్తూ పాడుతుంటే విన్నవాళ్ళు అతన్ని నాటకాల్లోకి తీసుకుపోయారు. కూలీల, పడవవాళ్ళ, చిన్న పనివాళ్ళ పాటలు కట్టి ముప్ఫై ఒకటో యేటనే 1923లో చనిపోయాడు. అతను స్వరపరచిన పాటే 1979 నుంచి ఈజిప్టు జాతీయగీతం. అతని తరంవాడే బైరమ్ అల్ తునిసీ. పన్నుల కోసం పీడించే పురపాలక సంఘాన్ని ఎగతాళి చేస్తూ రాసి పేరుపడ్డాడు, తర్వాత పాలకుల ఆగ్రహానికి గురై దేశ బహిష్కారం అనుభవించాడు. అతను రాసింది పండితుల అరబ్బీలో కాదు, వీధిలో మాట్లాడే ఈజిప్టు వాడుకభాషలో. సరిగ్గా ఆ కాలంలోనే ఇక్కడ గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడుతున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసిన పని కాదది. రెండు చోట్లా ప్రజలు చరిత్రలోకి అడుగుపెడుతున్న కాలం అది.

నగీబ్ మహఫూజ్ 1967లో రాసిన "మిరామార్" నవలలో, బలవంతపు పెళ్ళి తప్పించుకుని పల్లెనుంచి పారిపోయి వచ్చిన జొహ్రా ఒక గ్రీకామె నడిపే బసలో పనిమనిషి. చదువు నేర్చుకోవాలని పట్టుదల. కథ చెప్పేది నలుగురు మగవాళ్ళు, జొహ్రా కాదు. ఆ హద్దును మనం గుర్తించాలి. అయినా కథ ఆమె చుట్టూనే తిరుగుతుంది. డరెల్‌కు వీధి చప్పుడైనది మహఫూజ్‌కు నవల కేంద్రమైంది. చూసేవాడి స్థానం మారితే నగరమే మారిపోతుందనడానికి ఇది నిదర్శనం.

4

మన్షియా చౌకులో 1956 జులై 26న నాసర్ సూయజ్ కాలువ జాతీయీకరణను ప్రకటించాడు. ఉపన్యాసంలో కాలువ తవ్వించిన ఫ్రెంచివాడు లెసెప్స్ పేరు పలకడమే, కాలువ కార్యాలయాలను స్వాధీనం చేసుకోమని సంకేతం. వలసదేశాల ప్రజలందరూ తమ విజయంగా భావించిన ఘట్టమది. కాని ప్రగతిశీల విమర్శకుడు అక్కడితో ఆగకూడదు. నగరానికి దగ్గర్లోనే వున్న కఫ్ర్ ఎల్ దవ్వార్‌లో 1952 ఆగస్టులో బట్టలమిల్లు కార్మికులు సమ్మె చేస్తే, రాజును దించి రెండు నెలలు తిరగకుండానే కొత్త సైనిక ప్రభుత్వం ముస్తఫా ఖమీస్, మహమ్మద్ అల్ బకారీ అనే ఇద్దరు కార్మికులను సెప్టెంబరు 7న వురితీసింది. 1956 తర్వాత నగరాన్ని విడిచిపోయిన గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు అందరూ పత్తి షావుకార్లు కారు. చిన్న కొట్లవాళ్ళు, పనివాళ్ళు కూడా వాళ్ళలో వున్నారు. 2010 జూన్‌లో ఇదే నగరంలో ఖాలెద్ సయీద్ అనే యువకుణ్ణి పోలీసులు కొట్టి చంపారు. మరుసటి యేడు దేశాన్ని కుదిపేసిన తిరుగుబాటుకు ఆ చావు ఒక నిప్పురవ్వ. విదేశీ జెండా దిగినంత మాత్రాన ప్రజల చరిత్ర పూర్తి కాదు.

పాత "సర్వజాతుల నగరం" పోయిందని కన్నీరు పెట్టే రచనలు ఇంగ్లీషులో చాలా వస్తున్నాయి. ఆ నగరంలో ఎన్నో భాషలు కలిసి బతికిన మాట నిజం. ఆ కలయికకు ఖర్చు భరించింది కాలువ తవ్విన రైతన్న మాట కూడా నిజం. మొదటి నిజాన్ని మాత్రమే చెప్పేవాడు పర్యాటకుడు, రెండోదాన్ని మాత్రమే చెప్పేవాడు నినాదకర్త. రెంటినీ ఒకే వాక్యంలో నిలబెట్టగలిగినవాడే రచయిత. మన యాత్రాసాహిత్యం ఆ వాక్యం కోసం కష్టపడాలి. స్తంభం ఎత్తెంతో గైడు చెబుతాడు. దాన్ని ఎవరు ఎత్తారో అడగవలసింది మనమే.