ఖాల్దేయ్, యెవ్‌గెనీ

ఖాల్దేయ్, యెవ్‌గెనీ అనాన్యెవిచ్ (1917 మార్చి 23 – 1997 అక్టోబరు 6): రెండో ప్రపంచ యుద్ధాన్ని చిత్రించిన సోవియట్ ఛాయాగ్రాహకుడు. నేడు దొనేత్స్క్‌గా పిలిచే యూజోవ్కాలో యూదు కుటుంబంలో పుట్టాడు. ఏడాది పసివాడుగా ఉండగా యూదులపై జరిగిన దాడిలో తల్లి తూటాకు బలైంది. ఆమె దేహం గుండా దూసుకొచ్చిన ఆ తూటా ఒళ్లోని బిడ్డకూ తగిలింది. అవ్వ దగ్గర పెరిగి, ఆమె కళ్లజోడు అద్దంతోనే తొలి కెమెరా తయారుచేసుకున్నాడు. 1936లో టాస్ వార్తాసంస్థలో చేరాడు.

1941 జూన్ 22న జర్మనీ దాడి గురించి సోవియట్ విదేశాంగ మంత్రి మోలొతోవ్ రేడియోలో ప్రకటిస్తుండగా, మాస్కో వీధిలో తలలెత్తి వింటున్న జనాన్ని తీసిన చిత్రంతో ఈయన యుద్ధ జీవితం మొదలైంది. ఆయుధమన్నది లేకుండా ఆ ముఖాలు మాత్రమే కనిపించే ఈ చిత్రం ఈయన ప్రతిభకు గొప్ప నిదర్శనం. తరవాత నౌకాదళ అధికారి హోదాలో లైకా కెమెరాతో ముర్మాన్‌స్క్, కెర్చ్, సెవస్తోపోల్, బుడాపెస్ట్, వియన్నా రణరంగాలు తిరిగాడు. ఇదే కాలంలో నాజీలు ఈయన తండ్రిని, తోబుట్టువులను చంపారు.

బెర్లిన్ బయలుదేరే ముందు టాస్ కార్యాలయంలోని ఎర్రటి బల్లగుడ్డలు తీసుకుని, పరిచయమున్న దర్జీ చేత మూడు జెండాలు కుట్టించాడు. ఒకటి టెంపుల్‌హోఫ్ విమానాశ్రయం దగ్గర, మరొకటి బ్రాండెన్‌బర్గ్ ద్వారంపైన, మూడోది 1945 మే 2న జర్మన్ పార్లమెంటు భవనమైన రైష్‌టాగ్ పైకప్పు మీద ఎగిరాయి. రైష్‌టాగ్ మీద ఖాల్దేయ్ తీసిన చిత్రంలో జెండా పట్టినవాడు అలెక్సీ కొవల్యోవ్. కింద అతణ్ని ఆపి పట్టుకున్నవాడు దాగెస్తాన్‌కు చెందిన అబ్దుల్‌హకీం ఇస్మాయిలోవ్. భవనం అప్పటికే సోవియట్ సేన చేతికొచ్చింది కాబట్టి ఇది అసలు పోరు నడిచిన క్షణం కాదు. ఒక సైనికుడి రెండు చేతులకూ గడియారాలు ఉండడం దోపిడీకి సాక్ష్యమవుతుందని నెగటివ్ మీద ఒకదాన్ని గీకేశారు; పొగ కూడా తరవాత చేర్చిందే. మే 13న ఒగొన్యోక్ పత్రిక ఈ చిత్రాన్ని ప్రచురించింది. ఇంతగా దిద్దినా, నాలుగేళ్ల యుద్ధం ముగిసిందన్న సత్యాన్ని దీనంత బలంగా చెప్పిన చిత్రం మరొకటి లేదు.

ముర్మాన్‌స్క్ దగ్గర తీసిన రెయిన్‌డీర్ చిత్రంలోనూ యుద్ధవిమానాలు, పేలుడు విడిగా తీసి కలిపినవే. అయితే జూన్ 24న మాస్కో విజయోత్సవ కవాతులో సోవియట్ సేనాని మార్షల్ జూకొవ్ తెల్లగుర్రం నాలుగు కాళ్లూ నేలను వీడిన క్షణాన్ని పట్టిన చిత్రానికి ఏ దిద్దుబాటూ అక్కరలేకపోయింది. పోట్స్‌డామ్ సమావేశం, నురెంబర్గ్ విచారణ కూడా చిత్రించాడు. బోనులోని నాజీ నాయకుడు గోరింగ్‌ను దగ్గర నుంచి తీశాడు.

1948లో, యూదులపై అనుమానాలు పెరిగిన రోజుల్లో, టాస్ ఈయనను ఉద్యోగం నుంచి తొలగించింది. 1959 నుంచి ప్రావ్దా పత్రికలో పనిచేశాడు. విదేశాల్లో పేరు వచ్చింది 1990లలోనే. మాస్కోలో మరణించాడు.