బడి గురించి చదివే చదువు: ఒక గురుపరంపర కథ

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కాలేజీలో కోర్సులు ఎంచుకునేటప్పుడు "ఎడ్యుకేషన్ అండ్ సొసైటీ" అనో "యూత్ డెవలప్‌మెంట్" అనో ఒక పేరు చెప్తారు. తెలుగు ఇళ్ళలో వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "అంటే టీచర్ ట్రైనింగా?" కాదండీ. టీచర్ ట్రైనింగ్ వేరే. ఇది పిల్లలెలా పెరుగుతారు, బడి వాళ్ళని ఏం చేస్తుంది, ఆ బడిని ఊరు ఏం చేస్తుంది అని అడిగే చదువు. దీని చరిత్ర అమెరికా యూనివర్సిటీల్లో దాదాపు నూట నలభై ఏళ్ళది. ఎపిసోడ్‌లో టైము చాలక పరుగెత్తించిన భాగాన్ని ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాను.

మొదలు జి. స్టాన్లీ హాల్‌తో పెట్టాలి. 1878లో హార్వర్డ్‌లో సైకాలజీలో డాక్టరేట్ తీసుకున్నారు, అమెరికాలో ఆ సబ్జెక్టులో అదే మొదటిదని చెప్తారు. 1883లో బోస్టన్‌లో అప్పుడే బడికి వచ్చిన చిన్నపిల్లలకి ఏం తెలుసో, ఏం తెలియదో కనుక్కుని ఒక వ్యాసం వేశారు. ఆవంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా తేలారు అందులో. ఇప్పుడు మనకి వింతేం కాదు గానీ, పాఠం మొదలుపెట్టే ముందు పిల్లవాడి బుర్రలో ఏముందో అడిగి చూడాలన్న ఆలోచనే ఆ రోజుల్లో కొత్త. తర్వాత మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఊళ్ళో 1889లో తెరిచిన క్లార్క్ యూనివర్సిటీకి ఆయనే మొదటి ప్రెసిడెంటు. 1904లో "అడలసెన్స్" అని రెండు సంపుటాల పుస్తకం అచ్చువేశారు.

మనం కౌమారం అంటున్న ఆ వయసుని యూనివర్సిటీ చదువుగా నిలబెట్టింది ఆ పుస్తకమే. ఒక్క మాట పక్కకి పోయి చెప్పాలి. ఆ రోజుల్లో మన వైపు చాలా ఇళ్ళలో ఆడపిల్లకి అలాంటి వయసే లేదు. బొమ్మలాటలు అయ్యీ అవకముందే పెళ్ళి. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది అలాంటి పిల్లల కోసమే. శారదా చట్టం 1929లో వచ్చి ఆడపిల్లకి కనీసం 14 ఏళ్ళు ఉండాలంది. అమెరికాలో మాత్రం ఏమంత గొప్ప? 1910లో హైస్కూలు పూర్తిచేసిన వాళ్ళు పదిమందిలో ఒక్కరు. 1940 నాటికి సగం మంది అయ్యారు. కౌమారం అనే తీరిక వయసుని తయారుచేసింది శరీరం ఒక్కటే కాదు, హైస్కూలు కూడా అని నా నమ్మకం.

హాల్ సిద్ధాంతంలో ఒక విషపు చుక్క ఉంది. మనిషి ఎదుగుదల మానవజాతి నడిచొచ్చిన దారినే మళ్ళీ నడుస్తుందని ఆయన వాదం. దాన్ని పట్టుకుని వలస పాలనలో ఉన్న ప్రజల్నీ, నల్లజాతి వాళ్ళనీ "ఇంకా కౌమారంలోనే ఉన్న జాతులు" అన్నారు. అంటే వాళ్ళు ఎదగని పిల్లలు, పెద్దరికం చేయడానికి తెల్లవాళ్ళు కావాలి అన్నమాట. మన తాతముత్తాతలు కూడా ఆ లెక్కలోకే వస్తారు.

ఇప్పుడు చూడండి తమాషా. అదే హాల్ దగ్గర 1920లో డాక్టరేట్ తీసుకున్నారు ఫ్రాన్సిస్ సమ్నర్. సైకాలజీలో డాక్టరేట్ అందుకున్న మొదటి నల్లజాతి అమెరికన్. ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టి, హైస్కూలుకి పోకుండా ఇంట్లో తల్లిదండ్రుల దగ్గరే చదువుకుని, పరీక్ష రాసి కాలేజీలో చేరిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలోకి వెళ్ళి, తిరిగొచ్చి థీసిస్ ముగించారు. 1928 నుంచి వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో సైకాలజీ విభాగాన్ని నిలబెట్టారు.

హోవర్డ్‌లో ఆయన క్లాసులో కూర్చున్న కుర్రాడు కెన్నెత్ క్లార్క్. పనామాలో పుట్టి, చిన్నప్పుడే తల్లితో న్యూయార్క్ హార్లెంకి వచ్చాడు. తల్లి మిరియం కుట్టుపని చేసి పోషించింది. పిల్లవాడిని చేతిపనులు నేర్పే స్కూలుకి పంపమని బడివాళ్ళు సలహా ఇస్తే ఆమె నేరుగా బడికి పోయి ఒప్పుకోనని తేల్చేసింది. వలసొచ్చిన అమ్మలు ఏ దేశం వాళ్ళయినా ఒకటే అనిపిస్తుంది నాకు, మీరేమంటారో.

కెన్నెత్, ఆయన భార్య మేమీ కలిసి చేసినదే బొమ్మల పరీక్ష. రంగు తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న బొమ్మలు చిన్నపిల్లల ముందు పెట్టి, ఏది మంచిది, ఏది చెడ్డది, ఏది నీలా ఉంది అని అడిగారు. నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. ఆఖరి ప్రశ్న దగ్గర కొందరు ఏడ్చేశారు కూడా. మేమీ మాస్టర్స్ థీసిస్‌తో హోవర్డ్‌లోనే మొదలైన పని ఇది. 1951లో సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీలో 16 మంది పిల్లలతో చేసిన పరీక్ష కోర్టులో సాక్ష్యమైంది. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరువేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో "బ్రౌన్" తీర్పు చెప్పినప్పుడు, సుప్రీంకోర్టు ఫుట్‌నోట్‌లో క్లార్క్ రచన పేరు ఉంది. పరీక్ష పద్ధతి మీద విమర్శలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. అయినా క్లాసురూములో చదివిన సంగతి దేశ చట్టాన్ని కదిలించడం మాత్రం నిజం.

పరంపరలో ఇంకో కొమ్మ మన దాకా వస్తుంది. జాన్ డ్యూయీ విద్యార్థిగా జాన్స్ హాప్కిన్స్‌లో హాల్ దగ్గర చదివారు, తర్వాత దారి వేరైంది. 1896లో షికాగోలో యూనివర్సిటీ కిందే ఒక బడి పెట్టి, పిల్లలు వంట, వడ్రంగం చేస్తూ నేర్చుకునే పద్ధతి ప్రయత్నించారు. తర్వాత కొలంబియాకి మారారు. అక్కడికే 1913లో బి.ఆర్. అంబేడ్కర్ వచ్చి ఆయన పాఠాలు విన్నారు. 1936లో కుల నిర్మూలన గురించి రాసిన ప్రసంగంలో డ్యూయీ తన గురువనీ, ఆయనకి ఎంతో రుణపడ్డాననీ చెప్పుకున్నారు. హాల్ శిష్యుల శిష్యుల్లో ఒకరు రంగు గోడని, ఒకరు కులం గోడని ఢీకొట్టారు. హాల్ ఊహించి ఉండరు.

తీర్పు వచ్చింది సరే, బడులు మారాయా? 1964 పౌరహక్కుల చట్టమే దీనిమీద సర్వే చేయమంది. జేమ్స్ కోల్మన్ బృందం ఆరు లక్షల మందికి పైగా విద్యార్థుల్ని, సుమారు 4,000 బడుల్ని చూసి 1966లో రిపోర్టు ఇచ్చింది. బడికి పెట్టే డబ్బులో తేడాల కంటే ఇంటి పరిస్థితి, పక్కన కూర్చునే తోటి పిల్లలు ఎవరన్నది చదువు మీద ఎక్కువ ప్రభావం చూపిస్తున్నాయని దాని సారాంశం. "అయితే బడికి ఖర్చెందుకు?" అని కొందరు, "అందుకే కలిపి కూర్చోబెట్టండి" అని కొందరు వాదించుకున్నారు. ఈ కోర్సులు చదివే మీ పిల్లలు ఆ వాదాన్ని ఇప్పటికీ క్లాసులో నడుపుతున్నారు.

మధ్యలో 1965 వలస చట్టం వచ్చింది. పౌరహక్కుల పోరాటం తెచ్చిన గాలిలోనే అది గట్టెక్కింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో రావడానికి తలుపు తీసింది అదే. వచ్చాక మనం చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్ చూడటం. కోల్మన్ రిపోర్టు చదవకపోయినా పక్కన ఎవరు కూర్చుంటారన్నది మనకి బాగానే తెలుసు. మీ అమ్మాయి భోజనాల దగ్గర "మనం ఈ డిస్ట్రిక్ట్‌నే ఎందుకు ఎంచుకున్నాం నాన్నా?" అని అడిగితే, అది సిలబస్‌లోని ప్రశ్నే.

వచ్చే ఎపిసోడ్‌లో మార్గరెట్ మీడ్. హాల్ చెప్పిన కౌమారపు తుఫాను అన్నిచోట్లా ఉంటుందా అని చూడటానికి 1925లో సమోవా దీవులకి పోయి ఏం రాశారో, దానిమీద తర్వాత ఎంత గొడవైందో మాట్లాడుకుందాం. ఈ ఎపిసోడ్ పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది.